శుక్రవారానికీ సోమవారానికీ మధ్య సింగపూర్

2023లో వానలు ముదిరిన రోజులు. పలాసలో కాశీబుగ్గ బస్టాండుకు దగ్గర్లో, జీడిపప్పు దుకాణాల వరసలో మాది చిన్న టికెట్ల షాపు. రైలు రిజర్వేషన్లు, బస్సు టికెట్లు, పాస్‌పోర్టు దరఖాస్తులు అన్నీ చేస్తాం గానీ అసలు పని విమానం టికెట్లే. ఊరు చిన్నదే అయినా ఉద్దానం పల్లెల్లో ఏ వీధికి వెళ్ళినా ఒక వెల్డరో రిగ్గరో పైపు ఫిట్టరో సింగపూర్‌లోనో దోహాలోనో మస్కట్‌లోనో ఉంటాడు. వాళ్ళ రాకపోకలు చాలావరకు మాలాంటి షాపుల మీదుగానే జరుగుతాయి. నేను విశాఖపట్నంలో టికెటింగ్ కోర్సు చదివి, అక్కడే ఒక ఏజెన్సీలో కొన్నేళ్ళు పనిచేశాను. పెళ్ళయ్యాక పలాస వచ్చి ఈ షాపు పెట్టుకున్నాను.

మా పని తెలియనివారికి ఒక్క మాట. టికెట్టు మీద కనిపించే ప్రయాణ సమయాన్ని మేం బ్లాక్ టైమ్ అంటాం. అంటే విమానం ఇక్కడ నిలబడిన చోటు నుంచి కదిలింది మొదలు, అక్కడికి వెళ్ళి ఆగేదాకా పట్టే సమయం. విశాఖ నుంచి సింగపూర్‌కు ఆకాశ మార్గాన దూరం మూడు వేల కిలోమీటర్లకు కాస్త తక్కువ. నేరుగా వెళ్ళే విమానమైతే నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. కొత్తగా వచ్చే కస్టమర్లకు ఈ రెండు ముక్కలూ చెప్పి ఊరుకునేదాన్ని. సువార్తమ్మ వచ్చేవరకు అంతకు మించి చెప్పాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

ఆవిడ తమ్ముడు దానియేలుతో కలిసి ఒకరోజు పొద్దున్నే వచ్చింది. నలభై లోపు వయసు. సన్నగా, కాస్త ఉబ్బిన ముఖంతో ఉంది. ఎడమ మోచేతి దగ్గర కొత్త కట్టు కనబడుతోంది. ఆ చేతిని పొట్టకు ఆనించి, ఎవరూ తగలకుండా జాగ్రత్తగా పట్టుకుని నడుస్తోంది. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా వైపు ఆ నడక చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. డయాలసిస్ మనిషి. వారానికి మూడుసార్లు ఆ చేతికి సూదులు గుచ్చుకుని మిషను మీద రక్తం శుద్ధి చేయించుకునే మనిషి.

"అమ్మా, సింగపూర్ ఎంత దూరం?" అని అడిగింది కూర్చోకుండానే.

"ఎవరు వెళ్ళాలి?"

"నానే."

దానియేలు వెంటనే అందుకున్నాడు. "దాని మాట ఇనకండి మేడమ్. ఎల్లేది నాను. మా అప్పకి ఒంట్లో బాగోనేదు. మా బావ అక్కడ పడిపోనాడు."

కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వబోతే వద్దంది. రోజుకు తాగాల్సిన నీళ్ళు ఆవిడకు కొలిచే ఉంటాయి. విషయం దానియేలే చెప్పాడు. సువార్తమ్మ భర్త ఏలియా సింగపూర్‌లో ఒక ఓడల యార్డులో రిగ్గరు. బరువైన ఇనుప సామాన్లకు గొలుసులు, తాళ్ళు కట్టి క్రేనుకు అందించే పని. 2018 తుఫానులో వాళ్ళ కొబ్బరి తోట, జీడి తోట మొత్తం నేలమట్టమయ్యాయి. తోట మళ్ళీ కాపుకు వచ్చేదాకా అని ఏలియా ఆ పనికి వెళ్ళాడు. తర్వాత కొన్నాళ్ళకే సువార్తమ్మ కిడ్నీలు పాడయ్యాయని తేలింది. ఇక తిరిగి రావడం అన్న మాటే ఎత్తలేదు.

నెల కిందట పైనుంచి జారి పడ్డాడు. నడుం ఎముక, కాలు విరిగాయి. ఆపరేషన్ బాగానే జరిగింది. నడుస్తాడనే డాక్టర్లు అంటున్నారు. కానీ ఏలియా మంచం మీద లేచి కూర్చోవడానికే ఒప్పుకోవడం లేదు. ఫిజియోథెరపీ మనిషి వస్తే కళ్ళు మూసుకుంటున్నాడు. తిండి పక్కకు నెట్టేస్తున్నాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తడం లేదు. ఈ కొన్ని వారాలూ ఇలాగే గడిచిపోతే కాళ్ళు పట్టేసి ఇక ఎప్పటికీ లేవలేడని ఆస్పత్రివాళ్ళు కంపెనీకి చెప్పారు. కుటుంబంలో ఒక మనిషి వచ్చి ధైర్యం చెప్పండి, రానుపోను టికెట్లు మేమిస్తామని కంపెనీ కబురు పంపింది.

"నాను ఎల్లి సెప్తాను గదా మేడమ్! దాన్ని మిషను మీంచి దింపి ఇమానం ఎక్కించడమేటి?" అన్నాడు దానియేలు. అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది.

"నువ్వెల్లి ఏటి సెప్తావురా? నీ మాట ఎప్పుడిన్నాడు ఆయన?" అంది సువార్తమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, శుక్రారం నాకు డయాలసిస్. మళ్ళీ సోమారం. మధ్యన ఎల్లి రావచ్చా, నేదా? అది సెప్పండి."

అలాంటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చూసి చెబుతానన్నాను.

ఆవిడకు పాస్‌పోర్టు ఉండటం ఒక అదృష్టం. ఏలియా మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు, ఒక్కసారైనా నిన్ను తీసుకెళ్ళి సముద్రం అవతల ఊరు చూపిస్తానని పట్టుబట్టి చేయించాడట. అందులో ఒక్క ముద్ర కూడా పడలేదు. కంపెనీ ఆహ్వాన పత్రం పంపింది కనక వీసా వస్తుంది. మిగిలిందల్లా గంటల లెక్క.

పలాస నుంచి విశాఖ విమానాశ్రయానికి కారులో నాలుగు గంటలు పట్టవచ్చు, వాన పడితే ఐదు. విమానానికి మూడు గంటల ముందు చేరాలి. గాలిలో నాలుగు గంటల పైన. దిగాక ఇమిగ్రేషన్, అక్కణ్ణుంచి ఆస్పత్రి. నాలుగు గంటల విమానానికి ఇంటి గుమ్మం నుంచి మంచం దాకా పదిహేను గంటలు తేలింది. తిరుగు ప్రయాణానికీ దాదాపు అంతే. పైగా నేరుగా వెళ్ళే విమానం రోజూ ఉండదు. ఆ వారాల్లో శుక్రవారం రాత్రి వెళ్ళేది ఒకటి, ఆదివారం రాత్రి తిరిగి వచ్చేది ఒకటి ఉన్నాయి. రెండు డయాలసిస్‌ల మధ్య అవి సరిగ్గా పడుతున్నాయి.

కంపెనీ తరఫున టికెట్లు చూసే ఆవిడ మాత్రం చెన్నై మీదుగా వెళ్ళే టికెట్టు పంపింది. అందులో లేఓవర్, అంటే మధ్యలో దిగి రెండో విమానం కోసం కాచుకునే సమయం, చాలా ఎక్కువ. ఫోన్ చేసి మాట్లాడాను. "అందరు కార్మికులకూ మేం వేసే రూటే ఇది," అంది ఆవిడ ఇంగ్లీషులో. వచ్చేది డయాలసిస్ పేషెంటు అని, చెన్నైలో కూర్చునే ప్రతి గంటా భర్త పక్కన కూర్చునే సమయంలోంచే పోతుందని చెప్పాను. ఆవిడ, "మా అమ్మ కూడా డయాలసిస్ మీదే ఉండేది," అని, సాయంత్రానికి నేరుగా వెళ్ళే టికెట్టు పంపింది. ఆస్పత్రిలో చూడనిచ్చే వేళలు కనుక్కుని, దూరం నుంచి వచ్చే భార్య కాబట్టి పగలంతా కూర్చోనివ్వమని వార్డువాళ్ళను అడిగిపెట్టింది కూడా.

ఆ టికెట్టు చూసి దానియేలు నా మీద అనుమానపడ్డాడు. "ఇదేటి మేడమ్, ఎక్కేదీ దిగేదీ లెక్కేత్తే ఎల్లినప్పుడు ఏడు గంటలు సూపిత్తంది, వచ్చినప్పుడు గంటన్నరేనా? తప్పు పడిపోనాదేటి?"

మా షాపులో ఇది తరచూ వచ్చే సందేహమే. టికెట్టు మీద బయల్దేరే వేళ బయల్దేరే ఊరి గడియారం ప్రకారం, దిగే వేళ దిగే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అందుకే వెళ్ళేటప్పుడు ప్రయాణం సాగినట్టు, వచ్చేటప్పుడు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. రెండు వైపులా విమానంలో కూర్చునేది దాదాపు అంతే సేపు.

"అంటే నాకు మిగిలింది ఎంతసేపు?" అంది సువార్తమ్మ. ఆవిడకు గడియారాల గొడవ పట్టలేదు.

"శనివారం పగలంతా, ఆదివారం మధ్యాహ్నం దాకా."

"సాల్దూ!" అంది.

ఇక డాక్టరమ్మ ఒప్పుకోవాలి. డయాలసిస్ సెంటరుకు నేనూ వెళ్ళాను. డయాలసిస్ పేషెంటు విమానం ఎక్కాలంటే ప్రయాణానికి పనికొస్తారని డాక్టరు రాసివ్వాలి. దాన్ని మా భాషలో మెడిఫ్ అంటారు. డాక్టరమ్మ వయసులో చిన్నదే అయినా తొందరపడే మనిషి కాదు. నా గంటల లెక్క మొత్తం విని, విశాఖలో పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది. తర్వాత సువార్తమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"వెళ్ళకపోతే ఏం చేస్తావు?"

"ఇంట్లో కూకుని ఆయన మంచాన పడిపోయినాడన్న కబురు ఇంటాను."

డాక్టరమ్మ మెడిఫ్ కాగితం ముందుకు లాక్కుంది. తర్వాత షరతులు చెప్పింది. శుక్రవారం పొద్దున్న మొదటి షిఫ్టులో డయాలసిస్. నీళ్ళు తను చెప్పినంతే. విమానంలో ఇచ్చే ఉప్పు తిండి ముట్టకూడదు. అరటిపండు, కొబ్బరినీళ్ళు ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా వద్దు. ఎడమ చేతికి సంచీ తగిలించకూడదు. ఆయాసం అనిపిస్తే అక్కడే ఆస్పత్రిలో చెప్పాలి, దాచకూడదు. సోమవారం ఎట్టి పరిస్థితిలోనూ తప్పకూడదు. ఒకవేళ పలాస చేరలేకపోతే విశాఖలోనే మిషను దొరికేలా మాట్లాడి ఉంచుతానని కూడా చెప్పింది.

బయటికి వచ్చాక దానియేలు చెట్టు కింద నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. "మా అప్పకి ఏటైనా అయితే?" అన్నాడు నాతో. నేను చేయగలిగింది ఆవిడ దారిలో ఎక్కడా వృథాగా నిలబడాల్సిన పని లేకుండా చూడటం. అది చేశాను. వీల్‌ఛెయిర్ సాయం పెట్టాను. "నాను నడిసెల్లిపోతాను" అని సువార్తమ్మ పేచీ పెట్టింది. ఆ విమానాశ్రయంలో నడిచే ఓపిక మీ ఆయన దగ్గర ఖర్చు పెట్టండి అంటే ఊరుకుంది.

ఆ శుక్రవారం మిషను మీంచి దిగి, ఇంట్లో ఒక గంట నడుం వాల్చి, మధ్యాహ్నం కారెక్కింది. ఆ కారు వాళ్ళ చర్చిలోని ఒకాయనది. పాస్టరుగారు, నలుగురు ఆడవాళ్ళు రోడ్డు మీద నిలబడి ప్రార్థన చేసి పంపారు. శనివారం పొద్దున్న కంపెనీ ఆవిడ నుంచి నాకు మెసేజ్ వచ్చింది. క్షేమంగా దిగింది, ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం అని. ఆ తర్వాత ఆదివారం దాకా ఏమీ తెలియలేదు.

ఆదివారం బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. మధ్యాహ్నానికే తిరుగు విమానం ఆలస్యమవుతుందని తెలిసింది. ఎంత ఆలస్యమో ఎవరూ చెప్పలేకపోయారు. ఇన్నేళ్ళలో విమానాలు ఆలస్యం కావడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కస్టమర్లకు సర్దిచెప్పడం నాకు అలవాటే. కానీ ఆ సాయంత్రం వంటింట్లో కూర మాడిపోతున్నా నాకు తెలియలేదు. మా ఆయన వచ్చి స్టవ్ ఆపారు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, "ఆవిడ నీళ్ళ విషయంలో మాట మీద ఉంటే ఫర్వాలేదు. విశాఖలో చెప్పి ఉంచాను," అంది. ఆవిడ గొంతులోనూ ఆదుర్దా వినిపించింది.

విమానం కొన్ని గంటలు ఆలస్యంగా బయల్దేరింది. దానియేలు విశాఖ విమానాశ్రయంలో అక్కను కలుసుకుని, పరిస్థితి చూసి డాక్టరమ్మతో మాట్లాడాడు. పలాస రాగలదనిపించి నేరుగా వచ్చేశారు. సోమవారం పొద్దున్న నేను షాపు తెరవకుండా సెంటరుకు వెళ్ళేసరికి సువార్తమ్మ అప్పటికే కుర్చీలో ఉంది. ఎడమ చేతికి సూదులు, గొట్టాల్లో రక్తం తిరుగుతోంది. డాక్టరమ్మ నన్ను చూసి, "బరువు అనుకున్నంతే పెరిగింది. మాట మీద నిలబడింది," అంది.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"మంచం పక్కన కుర్సీ ఏసినారమ్మా. ఆయన నన్ను సూసి గోడకేసి తిరిగిపోనాడు. 'నువ్వెందుకొచ్చినావు, సచ్చిపోదామనా?' అన్నాడు. 'సోమారం పొద్దున్న నాకు డయాలసిసుంది, అంతవరకూ కాలీయే' అన్నాను."

పక్క కుర్చీలో ముసలాయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"మద్దేన్నం దాకా మాటాడనేదు. నానూ మాటాడనేదు. అన్నం తెచ్చినారు, నెట్టేసినాడు. అప్పుడు సెప్పినాడు. 'ఇద్దరం మంచాన పడితే ఎవుల్ని ఎవులు సూత్తారే? నీకు బరువైపోతాను. నన్ను ఇక్కడే ఒగ్గీ' అని. నాకు కోపమొచ్చేసింది. ఈ సెయ్యి సూపించినాను. 'ఈ సెయ్యి పాడైపోనాక నాను నీకు బరువైనానా మావా?' అన్నాను. 'నేదు' అన్నాడు. 'మరి నువ్వు నాకు బరువని ఎలాగనుకున్నావు? నా కంటే నీ మనసు పెద్దదనుకుంటన్నావేటి?' అన్నాను. అప్పుడేడిసినాడమ్మా. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నాను సూడనేదు. తోట పడిపోయినప్పుడు కూడా ఏడవనేదు."

మిషను బీప్‌మని మోగింది. నర్సు వచ్చి ఏదో సరిచేసి వెళ్ళింది. సువార్తమ్మ కళ్ళు మూసుకునే మళ్ళీ మొదలుపెట్టింది.

శనివారం సాయంత్రం ఏలియా అన్నం తిన్నాడు. ఆదివారం పొద్దున్న ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. వాళ్ళిద్దరికీ భాష కుదరకపోయినా, ఈవిడ ఎడమ చేతి మీద బరువు పడకూడదని ఆ అమ్మాయికి అర్థమైంది. ఈవిడను కుడి వైపున నిలబెట్టి, ఏలియా చెయ్యి ఈవిడ భుజం మీద వేయించింది. మంచం అంచున కూర్చున్నాడు. నొప్పికి కేక పెట్టాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఈవిడ బయల్దేరే ముందు ఒక్కసారి లేచి నిలబడ్డాడు.

"నిలబడి ఏటన్నాడో తెలుసా అమ్మా? 'ఉబ్బిపోనావే, నీళ్ళు తాగీసినావేటి?' అన్నాడు," అని అప్పుడు నవ్వింది సువార్తమ్మ.

తర్వాత నాలుగు నెలలకు ఏలియా వాకర్‌తో విశాఖలో దిగాడు. ఆ టికెట్టూ నేనే చూశాను, నేరుగా వచ్చే విమానానికే. రిగ్గరు పని ఇక చేయలేడు. ఇప్పుడు చేతికర్రతో నడుస్తూ, పలాసలోనే ఒక జీడిపప్పు మిల్లులో కూర్చుని గుళ్ళు, అంటే విరగని పప్పులు, ఏరే పని చేస్తున్నాడు. సువార్తమ్మ ఇంకా డయాలసిస్ మీదే ఉంది. కిడ్నీ మార్పిడికి పేరు ఇచ్చారు, పిలుపు రాలేదు. కొన్ని వారాలు బాగుంటుంది, కొన్ని వారాలు నీరసంగా ఉంటుంది. ఆ రోజుల్లో మిల్లు మానేసి అతను సెంటరు వరండాలో కూర్చుంటాడు.

ఈ వృత్తిలో నాకు దూరాలన్నీ కంఠతా వచ్చు. ఏ ఊరికి ఎన్ని గంటలో కళ్ళు మూసుకుని చెబుతాను. కానీ ఇప్పుడు ఎవరు టికెట్టుకు వచ్చినా, ఆపద మీద వెళ్ళేవారైతే ముఖ్యంగా, అక్కడ మీకు ఎంతసేపు కావాలని ముందు అడుగుతాను. విమానం సంగతి ఆ తర్వాత చూస్తాను. చివరి గంట కూడా వెళ్ళినవాళ్ళకు మిగిలేలా రూటు కట్టడమే మా పని అని సువార్తమ్మ ప్రయాణంలోనే నాకు తెలిసింది.

మొన్నామధ్య ఏలియా ఒక్కడే షాపుకు వచ్చాడు. టికెట్టు పని ఏమీ లేదు. కర్ర గోడకు ఆనించి కూర్చుని, ఆ రోజు సువార్తమ్మ ఎలా వెళ్ళిందో మొదటి నుంచీ చెప్పమన్నాడు. ఆవిడను అడిగితే "ఎల్లినాను, వచ్చినాను" అని తేల్చేస్తోందట. చెప్పాను. పొద్దున్న సూదులు తీశాక ఎక్కిన కారు, వీల్‌ఛెయిర్ గొడవ, కొలిచి తాగిన నీళ్ళు, వాయుగుండం, సోమవారం నాటి కుర్చీ.

లేచేటప్పుడు అన్నాడు. "ఐదేళ్ళు ఆ ఇమానంలో అటూ ఇటూ తిరిగినానమ్మా. ఎక్కగానే నిద్దరోయీవోణ్ణి, దిగినప్పుడు లేచీవోణ్ణి. అంత దూరమని అది నా కాడికి వచ్చినాకే తెలిసింది."